పసుపు మీద పసుపు

సొంతింట్లోకి వచ్చాక మొదటి ఆదివారం పొద్దున్నే కోడలు చేసిన మొదటి పని, హాలు గోడకి మేకు కొట్టడం. ఆ మేకుకి తగిలించడానికి ఆమె దగ్గర ఏమీ లేదు. అయినా కొట్టింది. పెళ్లయిన దగ్గర్నుంచీ మారిన ప్రతి అద్దె ఇంట్లోనూ "గోడలకి మేకులు కొట్టకూడదమ్మా" అన్న మాట వినీ వినీ ఆమెకి విసుగెత్తిపోయింది. క్యాలెండర్ని కూడా కిటికీ ఊచకి దారంతో కట్టుకున్న సంసారం వాళ్లది. అందుకే సుత్తి చేతికందగానే, పాత ఇళ్ల ఓనర్లందరి మీదా ఒకేసారి కసి తీర్చుకుంటున్నట్టు ఠంగుఠంగుమనిపించింది.

మేకు దిగింది గానీ చుట్టూ అరచేతంత పెచ్చు ఊడి కింద పడింది. పైనున్న లేత నీలం రంగు కింద నుంచి గులాబీ రంగు బయటపడింది.

"అమ్మా, గోడకి దెబ్బ తగిలింది" అంది కూతురు. ఒకటో తరగతి చదివే ఆ పిల్ల నోరు క్షణం ఊరుకోదు కనుక ఇంట్లో అందరూ పిచ్చుక అని పిలుస్తారు. "లోపల గులాబీ రంగుంది నానమ్మా!" అని వంటింట్లోకి వినబడేలా అరిచింది.

వంటింట్లో అత్తగారు కూరగాయలు తరుగుతోంది. అక్కణ్నుంచి హాలు గోడ కనిపించదు. కత్తిపీట చప్పుడు ఆగకుండానే ఆవిడ గొంతు వినిపించింది.

"గులాబీ కింద ఆకుపచ్చ ఉంటుంది. దాని కింద మళ్లీ నీలం. ఆ తర్వాత సున్నమే."

కోడలి భర్త ఇళ్లకి రంగులేసే మనిషి. పెయింటర్ అంటేనే ఆ చుట్టుపక్కల అందరికీ తెలుస్తాడు. ఆదివారం కదా అని పళ్లు తోముకుంటూ తాపీగా తిరుగుతున్నవాడు, తల్లి మాట విని నవ్వుతూ వచ్చి, తన సంచిలోంచి గీకే రేకు తీశాడు. వైద్యుడు పుండు చుట్టూ శుభ్రం చేసినట్టు నెమ్మదిగా గీకాడు. గులాబీ రాలింది. ఆకుపచ్చ వచ్చింది. అది రాలాక నీలం. నీలం కింద తెల్లటి సున్నం.

పెయింటర్ ఈలవేశాడు. "చూశావా మా అమ్మ! రంగులేసేవాడి పెళ్లామై, రంగులేసేవాణ్ని కన్నది. ఆ మాత్రం వాసన పట్టేస్తుంది" అన్నాడు మీసం దువ్వుకుంటూ.

"ఊహించి ఒక రంగు చెప్పొచ్చు. వరసగా అన్నీ ఎలా చెబుతారండీ?" అంది కోడలు.

"ఏదో నోటికొచ్చింది చెప్పుంటుందిలే" అంటూ అతను పెరట్లోకి వెళ్లిపోయాడు. కోడలు మాత్రం సుత్తి పట్టుకుని అక్కడే నిలబడింది.

నిజానికి ఈ ఇల్లు దొరకడమే ఒక వింత. ఇల్లు కొందామని అనుకున్నప్పటి నుంచీ బ్రోకర్ చూపించిన ప్రతి ఇంటికీ అత్తగారు ఏదో ఒక వంక పెట్టేది. ఒకదానికి గాలి రాదు, ఒకదానికి వంటిల్లు ఇరుకు, ఒకటి అన్నీ బాగున్నా "నాకు నచ్చలేదురా నాన్నా" అనేసింది, అంతే. బ్రోకర్ విసిగిపోయి, అమ్ముడుపోకుండా మిగిలిన ఈ పాత ఇంటికి మొక్కుబడిగా తీసుకొచ్చాడు. వీధి మలుపులో, నీళ్ల ట్యాంకుకి ఎదురుగా, వెలిసిపోయిన పసుపు రంగు ఇల్లు. అతను తాళం తీసి ఎంత తోసినా తలుపు రాలేదు. అప్పుడు అత్తగారు వెనక నుంచి వచ్చి, "కాస్త పైకెత్తి తోయాలి బాబూ" అంటూ భుజంతో తలుపుని ఎత్తి తోసింది. కిర్రుమనకుండా తెరుచుకుంది. లోపలికి వెళ్లి ఒక్క గదీ చూడకుండానే, "ఇదే కొనండి" అంది. కోడలికి ఆ రోజు సంతోషం తప్ప ఇంకేదీ తోచలేదు. కళ్లజోళ్ల షాపు కౌంటర్లో ఆమె జీతం, అతని కష్టం, ఇద్దరూ నోరు కట్టుకుని దాచినదంతా ఈ నాలుగు గోడల్లోనే పోశారు. ఇప్పుడా గోడల వైపు చూడాలంటేనే భయమేస్తోంది.

మర్నాడు స్కూలుకి జడ వేస్తుంటే పిచ్చుక పాఠం అప్పజెప్పినట్టు మొదలుపెట్టింది.

"పసుపు ఇల్లు. మలుపులో ఇల్లు. ఎదురుగా పెద్ద ట్యాంకు. ఏడవకుండా అడగాలి. పెద్దవాళ్ల చెయ్యి పట్టుకోకుండా అడగాలి."

"ఏమిటే అది?"

"నానమ్మ నేర్పించింది. రోజూ చెప్పిస్తుంది. తప్పయితే మళ్లీ చెప్పమంటుంది. నాకంటే ముందు ఇంకో అమ్మాయికి నేర్పించిందట. ఆ అమ్మాయి ఒక్క తప్పు కూడా పోకుండా చెప్పేదట."

జడ అల్లుతున్న వేళ్లు ఆగిపోయాయి. "ఏ అమ్మాయి?"

"ఇక్కడే ఉండేదట. వెనక గదిలో పడుకునేదట." పిచ్చుక తల తిప్పి అమాయకంగా అడిగింది. "అమ్మా, ఆ అమ్మాయి ఇప్పుడు ఏ రంగు కింద ఉంది?"

"పిచ్చి వాగుడు వాగకు, స్కూలుకి ఆలస్యమవుతోంది" అని కోడలు కసిరి రిబ్బను గట్టిగా బిగించింది. పిల్ల అబ్బా అని మూలిగింది.

ఆ వారంలోనే ఒక రోజు షాపులో కరెంటు పోయి, మధ్యాహ్నమే ఇంటికి పంపించేశారు. వీధంతా ఎండకి నిద్రపోతున్నట్టుంది. కుక్క కూడా మొరగలేదు. కోడలు తలుపుని పైకెత్తి తోసి లోపలికి అడుగుపెట్టేసరికి వెనక గదిలోంచి మాటలు వినిపించాయి. ఆ గది ఇంకా ఖాళీగానే ఉంది. సామాను సర్దనివ్వకుండా అత్తగారే ఏవో సాకులు చెబుతూ వస్తోంది.

చెప్పులు విప్పి, కాళ్ల మునివేళ్ల మీద వెళ్లి తొంగిచూసింది. అత్తగారు నేల మీద కూర్చుని, గోడకి చెంప ఆనించి, చంటిపిల్ల వీపు నిమిరినట్టు గోడని నిమురుతోంది.

"ఇదిగో, వచ్చేశాను" అంటోంది మెల్లగా. "ఎంతమంది ఉండి వెళ్లారో ఇందులో. ఎంతమందికని చెప్పను? ఇంక నువ్వు ఎప్పుడొచ్చినా తలుపు తీసేది నేనే."

ఎవరో జవాబు చెబుతున్నట్టు ఆవిడ కాసేపు చెవి ఒగ్గి విన్నది. తల ఊపింది. తర్వాత చిన్నగా నవ్వింది.

కోడలు వెళ్లినట్టే చప్పుడు లేకుండా వెనక్కి వచ్చి, వీధిలోకి నడిచి, పిచ్చుక స్కూలు గేటు దగ్గర ఎండలో నిలబడింది. ఇంకా స్కూలు వదిలే వేళ కాలేదు. అయినా అక్కణ్నుంచి కదలబుద్ధి కాలేదు. సొంతిల్లు ఉండి కూడా వీధిలో నిలబడాల్సి వచ్చిందే అని ఆమెకి ఏడుపొచ్చింది.

సాయంత్రం భర్త రాగానే పెరట్లోకి లాక్కెళ్లి అంతా చెప్పేసింది. అతను రంగు మరకల చేతులు థిన్నర్‌తో తుడుచుకుంటూ విన్నాడు.

"పెద్దతనమే. కొత్త ఇల్లు. ఒంటరిగా ఉంటుంది కదా, ఏదో మాట్లాడుకుంటుంది" అన్నాడు.

"ఏవండీ, ఒంటరిగా మాట్లాడుకుంటే నాకేం బాధ? ఆవిడ ఎవరితోనో మాట్లాడుతున్నారు. నా కూతురికి లేని అమ్మాయి సంగతులన్నీ చెబుతున్నారు. వంటింట్లో కూర్చుని గోడల్లో ఏముందో చెబుతున్నారు. మీకేమీ అనిపించట్లేదా?"

"అనిపిస్తే ఏం చెయ్యమంటావు?"

"కొన్నాళ్లు మీ మేనమామ ఇంటికి పంపించండి. లేదంటే ఇల్లు అమ్మేద్దాం. మళ్లీ అద్దెకే పోదాం. మేకులు కొట్టకపోతే మానె, నా పిల్ల బాగుంటే చాలు."

అతని ముఖం మాడిపోయింది. "అమ్మేద్దామా? ఒళ్లు హూనం చేసుకుని కొన్నది నోటితో అమ్మేస్తావా? ఊరందరి ఇళ్లకీ రంగులేశాను. నా ఇంటికి నేను రంగేసుకోవాలని ఎన్నేళ్ల నుంచి అనుకుంటున్నానో నీకు తెలుసా?"

"అయితే అత్తయ్యని పంపించండి."

"మా అమ్మని నేను పొమ్మనలేను."

"అయితే నేను పోతాను. పిల్లని తీసుకుని."

గట్టిగానే అంది. అని వెనక్కి తిరిగేసరికి పెరటి గుమ్మంలో అత్తగారు ఉతికిన బట్టల బుట్ట పట్టుకుని నిలబడి ఉంది. విన్నదో లేదో తెలియలేదు. బట్టలు ఒక్కొక్కటే దులిపి ఆరవేసింది. ఆ రాత్రి ఇంట్లో ఎవరూ ఎవరి ముఖమూ చూసుకోకుండా అన్నాలు తిన్నారు.

పెయింటర్‌కి మాటలు చేతకావు గానీ పని చేతనవును. ఏ కష్టం వచ్చినా గోడ ఎక్కి రంగేస్తే తగ్గిపోతుందని అతని నమ్మకం. రెండు రోజులు మూతి ముడుచుకుని తిరిగి, మూడో రోజు పెళ్లాం చెవిలో ఊదాడు. "ఇదంతా ఆ వెలిసిపోయిన పసుపు వల్లే. దూరం నుంచి చూస్తేనే పాడుబడ్డ కొంపలా ఉంటుంది. అమ్మని నీతో పాటు షాపుకి తీసుకెళ్లి కళ్లు పరీక్ష చేయించు. సాయంత్రానికి నా మనుషులతో ముందు గోడలన్నీ కొత్తగా మార్చేస్తాను. అమ్మకి చెప్పకు. చూసి మురిసిపోవాలి."

కోడలు సరేనంది. తను అన్న మాటలకి అప్పటికే సిగ్గుపడుతోంది. అత్తగారితో ఒక పూట బయట తిరిగితే మనసు కాస్త తేలికపడుతుందని కూడా అనుకుంది.

షాపులో అత్తగారు పరీక్షకి కూర్చుంది. బరువైన ఇనప చట్రాన్ని ముక్కు మీద పెట్టుకుని, మారుస్తున్న అద్దాల వెనక నుంచి బుద్ధిగా చెప్పింది. "ఇది బాగుంది. ఇది మసక." కళ్ల డాక్టరమ్మ నవ్వుతూ అడిగింది. "ఏం చూడాలనుందమ్మా, టీవీయా, పేపరా?"

"మనిషి ముఖం. దూరం నుంచి" అంది అత్తగారు. "నడకని బట్టి కాదమ్మా, నడక మారిపోయి ఉంటుంది. ముఖమే పోల్చుకోవాలి."

డాక్టరమ్మకి అర్థం కాలేదు. కోడలికీ అర్థం కాలేదు. అర్థం కాకపోయినా ఆ మాట గొంతులో చేపముల్లులా ఇరుక్కుంది.

అప్పుడే భర్త ఫోన్ చేశాడు. "విచిత్రంగా ఉందే ఈ ఇల్లు" అన్నాడు. గొంతులో ఎప్పుడూ ఉండే హుషారు లేదు. "లోపల గోడలకి తలో రంగు ఉంది కదా. బయట మాత్రం ఎంత గీకినా పసుపే. పసుపు కింద పసుపు, దాని కింద పసుపు. ఎన్ని పొరలు లేచాయో లెక్కలేదు, అన్నీ ఒకే పసుపు. ఎంతమంది ఓనర్లు మారి ఉంటారు, ఒక్కడికైనా వేరే రంగు వేద్దామనిపించలేదా? ఇన్నేళ్లలో నేనిలాంటి గోడ చూళ్లేదు. మా కుర్రాళ్లు ముట్టుకోవడానికి జంకుతున్నారు."

"అయితే ఆపేయండి" అంది కోడలు, ఎందుకో తనకే తెలియకుండా.

"ఇప్పుడెలా ఆపుతాను? గోడంతా లప్పం పూసి నున్నగా కూడా చేసేశాం" అని పెట్టేశాడు.

అత్తాకోడళ్లు వీధి మలుపులో ఆటో దిగేసరికి ఎండ చల్లబడింది. కొత్త కళ్లజోడు కోసం రెండు రోజులాగాలి గనుక అత్తగారు ఎప్పట్లాగే కళ్లు చికిలించుకుంటూ ముందు నడిచింది. కోడలు ఆటోవాడికి చిల్లర ఇచ్చి తలెత్తింది. ఇల్లు మెరిసిపోతోంది. తెలుపులో పిసరంత బూడిద కలిపిన రంగు, ఇప్పుడందరూ వేయించుకుంటున్నదే. చూడ్డానికి నిజంగానే బాగుంది. తడి ఆరని గోడ ముందు భర్త, స్కూలు నుంచి వచ్చిన పిచ్చుక, ఇద్దరు పనివాళ్లు నవ్వుముఖాలతో నిలబడి ఉన్నారు.

అత్తగారు వాళ్ల ముందు నుంచే నడిచి వెళ్లిపోయింది.

ఆగలేదు, తల తిప్పలేదు. గేటు దాటింది, పక్కింటి గోడ దాటింది, ఆ పక్కది కూడా దాటింది. మొదట అందరూ నవ్వారు. "అమ్మా!" అని పిలిచాడు పెయింటర్. ఆవిడ వీధి చివరిదాకా వెళ్లి, ఆగి, వెనక్కి తిరిగింది. ఇటొకసారి, అటొకసారి చూసింది. ట్యాంకు వైపు చూసింది. మళ్లీ ఇళ్ల వైపు చూసింది. సంతలో చెయ్యి వదిలేసిన పసిపిల్లలా ఆ నడివీధిలో ఉన్నచోటే గిర్రున తిరిగింది.

కోడలు పరుగెత్తింది. వెళ్లి ఆవిడ చెయ్యి పట్టుకుంది.

"ఇల్లేదమ్మా? పసుపు ఇల్లేది?"

"ఇదే అత్తయ్యా. మీ అబ్బాయి కొత్త రంగు వేశారు. అదిగో, చూడండి."

అత్తగారు చూసింది. చూసి, కోడలి చెయ్యి విదిలించుకుని, వయసుకి మించిన విసురుతో గేటు దగ్గరికి వచ్చి, తడి గోడని రెండు అరచేతులతో తుడవడం మొదలుపెట్టింది. రంగు చేతులకి, చీరకి, ముఖానికి అంటుకుంటోంది. గోడ మీద తెలుపు కాస్త చెదిరి, మళ్లీ తెలుపే కనిపిస్తోంది.

"అమ్మా, ఏం చేస్తున్నావు? పిచ్చా నీకు?" పెయింటర్ ఆవిడ మణికట్లు పట్టుకున్నాడు. "వీధంతా చూస్తోంది!"

"చూడనీరా! నాకు కావల్సినవాళ్లు చూడకుండా చేశావు కదా! దాని దారి చెరిపేశావు కదరా!"

"దేని దారి?"

"మీ అక్క దారి!"

పనివాళ్లు రోలర్లు కింద పెట్టి మెల్లగా పక్కకి తప్పుకున్నారు. కోడలు ఇద్దర్నీ లోపలికి తీసుకొచ్చి తలుపు వేసింది. హాల్లో లైటు వేద్దామని చెయ్యి చాచి, ఎందుకో వెయ్యలేకపోయింది. మసకవెలుతురులో అత్తగారి ముఖం మీద తెల్లటి రంగు చారలు మాత్రం కనిపిస్తున్నాయి.

"అక్క జ్వరమొచ్చి పోయిందని కదా నాన్న చెప్పాడు" అన్నాడు పెయింటర్. గొంతు పిల్లాడిదైపోయింది. "నేను చంటివాణ్నప్పుడే పోయిందని."

"పోయిందని చెప్పుకుంటే గానీ మీ నాన్నకి ముద్ద దిగలేదురా. నా చేత ఒట్టు వేయించుకున్నాడు, ఇంకెప్పుడూ దాని ఊసు ఎత్తనని. ఆయన పోయాక కూడా ఆ ఒట్టు మొయ్యాల్సొచ్చింది." ఆవిడ చేతుల్లోకి చూసుకుంది. "అది పోలేదు. తప్పిపోయింది. సంతలో. నువ్వు చంకలో ఉన్నావు, గుక్కపట్టి ఏడుస్తున్నావు. నిన్ను ఈ భుజం మీద నుంచి ఆ భుజం మీదకి మార్చుకున్నాను. ఆ మార్చుకున్నంత సేపే దాని చెయ్యి వదిలాను."

ఆవిడ అరచేతుల రంగు కొంగుకి తుడుచుకుంటూ చెప్పింది.

"అప్పుడు ఈ ఇంట్లోనే ఉండేవాళ్లం, ఆ వెనక గదిలో, అద్దెకి. దానికి అక్షరాలు రావు. ఓనరు పేరు నోరు తిరిగేది కాదు. అద్దెకుండేవాళ్లకి చిరునామా ఏముంటుంది? అందుకని రంగే నేర్పించాను. పసుపు ఇల్లు, మలుపులో ఇల్లు, ఎదురుగా ట్యాంకు. తప్పిపోతే ఇదే అడుగు, ఎవరైనా తెచ్చి దింపుతారు అని. అది పాటలా చెప్పేది. తిరగని చోటు లేదు, మొక్కని గుమ్మం లేదు. ఇవాళ కాకపోతే రేపైనా ఎవరైనా తెచ్చి దింపుతారని ఈ గుమ్మంలోనే కూర్చున్నాను. ఇంతలో ఓనరు ఇల్లు ఖాళీ చెయ్యమన్నాడు. అతని తమ్ముడి కుటుంబం వస్తోందట. కాళ్లు పట్టుకున్నాను. రోజుకి ఒక పూట తిండి మాని అద్దె ఎక్కువిస్తానన్నాను. 'ఏడుపుగొట్టు ఇల్లు అయిపోయిందమ్మా, వెళ్లిపో' అన్నాడు."

సొంతిల్లు అనే మాటని కోడలు ఇన్నాళ్లూ మేకులతోటీ, క్యాలెండర్లతోటీ కొలుచుకుంది. పొమ్మంటే పోవాల్సి రావడం అంటే ఇదీ అని ఎన్నడూ అనుకోలేదు.

"వెళ్లిపోయాక?" అని అడిగింది నెమ్మదిగా.

"వెళ్లిపోతే ఊరుకుంటానా? ఈ ఇంట్లో అద్దెకున్నవాళ్లు ఖాళీ చేసినప్పుడల్లా గోడలకి రంగులేసేవారు. ఆ పని ఏ మేస్త్రీకి వచ్చిందో కనుక్కుని వాళ్ల దగ్గర కూలికి చేరేదాన్ని. బకెట్లు మోశాను, గోడలు గీకాను, బ్రష్ పట్టాను. లోపల ఎవరికి ఏ రంగు కావాలో ఆ రంగే వేశాం, గులాబీ, ఆకుపచ్చ, నీలం. నాకేం? బయట మాత్రం పసుపే వేయండని ఓనర్లని బతిమాలేదాన్ని. వేరే రంగంటే, నా కూలి కూడా వద్దు, పసుపే వేయించండి అనేదాన్ని. పోనీలే పిచ్చిది, డబ్బులు మిగుల్తాయని ఒప్పుకునేవాళ్లు." ఆవిడ కొడుకు వైపు చూసింది. "పసుపు మీద పసుపు వేశాను. దానికి గుర్తుండేది అదొక్కటే రా."

పెయింటర్ గోడకి జారబడి కింద కూర్చుండిపోయాడు. పొద్దుటి నుంచీ అతను గీకి చెత్తలో పోసిన పొరలు ఎవరి చేతివో ఇప్పుడు తెలిసింది. రంగు అంటిన రెండు చేతుల్లో ముఖం పెట్టుకుని, పెద్దగా, సిగ్గుపడకుండా ఏడ్చాడు.

"నాకెందుకు చెప్పలేదమ్మా? ఇల్లు చూసిన రోజైనా?"

"చెబితే కొనేవాడివా? పిచ్చెక్కిందనుకుని ఇంకో ఇల్లు చూసేవాడివి." తర్వాత కోడలి వైపు తిరిగింది. ఆ చూపులో కోపం లేదు. అది ఉన్నా బాగుండేదనిపించింది కోడలికి. "నువ్వన్నది విన్నానమ్మా ఆ రోజు. తప్పులేదు, పిల్ల తల్లివి, భయం వేస్తుంది. నేను మా తమ్ముడి దగ్గరికి వెళ్లిపోతాను. రేపే వెళ్లమన్నా వెళతాను. మీ కాళ్లు పట్టుకుంటాను, ఇల్లు మాత్రం అమ్మకండి."

"అత్తయ్యా!" కోడలు ఆవిడ కాళ్ల దగ్గర కూలబడిపోయింది. "ఎన్ని ఇళ్లలో ఎంతమంది పొమ్మన్నారో మనల్ని. చివరికి నేను కూడా అదే మాట అన్నాను మిమ్మల్ని, మీ ఇంట్లోంచి."

"నా ఇల్లేమిటే, మీ కష్టం ఇది."

"కాదు, మీదే. మాకంటే ముందు నుంచీ మీదే."

అత్తగారు చిన్నపిల్ల పెద్దవాళ్లని రహస్యం అడిగినట్టు అడిగింది. "నాకూ తెలుసమ్మా, అది వస్తుందని నమ్మకం లేదు. ఎక్కడో పెళ్లయి, పిల్లలతో ఉండే ఉంటుంది. ఈ వీధి మర్చిపోయే ఉంటుంది. నా భయం అంతా ఒక్కటే. ఎప్పుడో ఏదో గుర్తొచ్చి, పిల్లల్ని వెంటేసుకుని వచ్చి, పసుపు ఇల్లు అని అడిగితే, ఎవరో తలుపు తీసి 'మీరెవరు?' అంటే? నేను పోయాక దానికి చెప్పేదెవరు?"

"నేను" అంది కోడలు. వెంటనే అంది, ఆలోచించకుండా. "నేను చెబుతాను. ఆడపడుచు ఇంటికొస్తే మీరెవరని అడుగుతానా? నా తర్వాత పిచ్చుక చెబుతుంది. అద్దెకుంటే ఈ మాట ఇవ్వలేకపోయేదాన్ని అత్తయ్యా. ఇప్పుడివ్వగలను."

అత్తగారు కోడలి తల పొట్టకి అదుముకుని, ఇన్నేళ్లుగా దాచుకున్న ఏడుపంతా ఏడ్చింది. గది మూలలో అప్పటిదాకా చప్పుడు చెయ్యకుండా నిలబడిన పిచ్చుక వచ్చి, ఏమీ అర్థం కాకపోయినా, ముగ్గురి మధ్యా దూరి కూర్చుంది.

మర్నాడు పెయింటర్ పనికి వెళ్లలేదు. పొద్దున్నే రంగుల షాపు తెరిపించి తెచ్చిన పసుపు తల్లికి నచ్చలేదు. "మరీ నిమ్మకాయలా ఉందిరా. దీన్లో పిసరంత ఎర్రమన్ను పడాలి. ఊహూ, ఎక్కువైంది. ఇంకాస్త తెలుపు పొయ్యి" అంటూ బకెట్ పక్కన పీట వేసుకుని కూర్చుంది. బొటనవేలికి రంగు అద్దుకుని, గోడకి అంటించి, ఆరాక చూసి, మళ్లీ తల అడ్డంగా ఊపింది. ఊళ్లోవాళ్ల గోడలకి కళ్లు మూసుకుని రంగు కలిపే మొనగాడు మధ్యాహ్నానికి చెమటలు కక్కాడు. "మా ఓనరమ్మ చాలా కష్టం బాబూ" అని గొణిగాడు. అత్తగారు వినీ విననట్టు ముసిముసిగా నవ్వింది. ఆ నవ్వు కోడలు పెళ్లయి వచ్చిన దగ్గర్నుంచీ చూడలేదు.

సాయంత్రానికి ఇల్లు మళ్లీ పసుపు ఎక్కింది. వీధిలోవాళ్లు ఆగి చూసి, నిన్న ఒక రంగు, ఇవాళ ఒక రంగు, వీళ్లకి డబ్బెక్కువైందని చెవులు కొరుక్కున్నారు. అనుకోనీ అనుకుంది కోడలు. పిచ్చుకని లోపలికి పంపి, పడిన రంగు చుక్కల్ని మెట్ల మీద నుంచి తుడుస్తూ కూర్చుంది. కొత్త రంగు వాసన వేస్తోంది. ట్యాంకు నీడ మెల్లగా రోడ్డు దాటి గేటు దాకా వచ్చింది.

మలుపులో ఒకావిడ నడిచి వస్తోంది. నలభై దాటిన మనిషి, చేతిలో సంచి. గేటు ముందుకొచ్చి ఆగింది. గోడ వైపు చూసింది. ట్యాంకు వైపు తిరిగి చూసింది. మళ్లీ గోడ వైపు చూసింది.

కోడలి చేతిలో గుడ్డ జారిపోయింది. లేచి నిలబడింది. వెనక లోపల ఎక్కడో గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

"ఎవరు కావాలండీ?" అంది.

"ఎవరి కోసమూ కాదమ్మా" అంది ఆవిడ. "పక్క వీధిలోకి ఇటునుంచి దారుందా?"

ఉందని చెప్పింది కోడలు. ఎలా వెళ్లాలో రెండుసార్లు చెప్పింది. మాట్లాడుతున్నంత సేపూ ఆవిడ ముఖంలో తన భర్త కనుబొమ్మల కోసం, అత్తగారి గడ్డం కోసం వెతుకుతూనే ఉంది. ఆవిడ ఇబ్బందిగా నవ్వి, కొంగు సర్దుకుని వెళ్లిపోయింది. మలుపు తిరిగి కనిపించకుండా పోయేదాకా కోడలు గేటు పట్టుకుని అలాగే చూసింది.

అప్పుడు లోపల్నుంచి, బిక్కుబిక్కుమంటున్న గొంతుతో అత్తగారు పిలిచింది.

"ఎవరమ్మా వచ్చింది?"

కోడలు కళ్లు తుడుచుకుంది.

"ఇవాళ కాదత్తయ్యా" అంది.